విరుదునగర్ ఆఫీసులో అవ్వ ఫోటో లేదు

ఇళ్లు, షెడ్లు కట్టే మా కంపెనీ కొత్త ఆఫీసు విరుదునగర్‌లో తెరిచిన రోజున నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

హాల్లో గోడ మీద మూడు పెద్ద ఫోటోలు పెట్టారు. మా తాత, మా నాయన, మా అన్న. కింద బంగారు రంగు అక్షరాలతో తమిళంలో ‘మూడు తరాల నమ్మకం’ అని రాయించారు. ముందు వరసలో మా అవ్వ కూర్చుని వాటిని చూస్తోంది.

తాత కోవిల్‌పట్టిలో మేస్త్రీగా మొదలుపెట్టిన మాట నిజమే. కానీ శివకాశిలో ఓ ప్రెస్సు షెడ్డు కడుతుండగా పరంజా మీద నుంచి పడ్డాడు. మళ్లీ లేచి నడవలేదు. అప్పటికి నాయన బడికి పోతున్నాడు. ఆ షెడ్డుకు పైకప్పు వేయించింది అవ్వ. ఆడదాని మాట వినేది లేదన్న పనివాళ్లను పంపేసి, కొత్తవాళ్లను తెచ్చుకుని, కొంగు బిగించి తానే పరంజా ఎక్కింది. నాయన చేతికి పని వచ్చేదాకా కంపెనీ అంటే అవ్వే.

అన్నను పక్కకు పిలిచాను. “అవ్వ పటం యాడన్నా?”

“అవ్వదెందుకు? ఇంట్లో వండి పెడతా ఉండె, అంతే గదా. వచ్చినోళ్ల ముందర గలాటా చెయ్యొద్దు.”

ఒళ్లు మండిపోయింది. “తాత మంచాన పడింటే వండేదానికి బియ్యం ఎవరు తెచ్చిరి?” అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. నాయన తల వంచుకున్నాడు. ఆయనకు అంతా తెలుసు. అన్న మీద కంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

అవ్వ లేచి వచ్చింది. నన్ను ఊరుకోమంటుందనుకున్నాను. అన్నతో అంది: “నా పటం ఒద్దురా. ఈ పిల్ల ఇంజనీరుకి చదివిండాది. దీన్ని కంప్యూటర్ ముందర కూర్చోపెట్టి ఉండావే, ఒక సైటు పని ఇయ్యి, చాలు.”

అన్న నవ్వాడు. “సైట్లో ఆడపిల్లా? నవ్వుతారవ్వా.”

అవ్వ మొహం చూస్తూ ఆ మాట అనగలిగాడు!

సాయంత్రం నా దగ్గరున్న ఆఫీసు తాళాలు నాయన చేతిలో పెట్టాను. “తొందరపడొద్దమ్మా” అన్నాడు.

“ఆ నోరు హాల్లో తెరిచింటే చాలు గదా నాయనా” అని వచ్చేశాను.

కోవిల్‌పట్టి బయట ఒక టీచరమ్మ ఇల్లు, నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. పునాది తవ్వే రోజు అవ్వ ఆటోలో వచ్చి దిగింది. గుంటలోకి వంగి చూసి, నల్లమన్ను దాటలేదు, ఇంకా లోతుకు తవ్వమని మేస్త్రీని తమిళంలో కసిరింది. అతను నా వైపు చూశాడు. తవ్వమన్నాను.

ఆ మధ్యాహ్నం అన్న కారు అదే దారిలో పోయింది. ఆపలేదు. ఆపి ఉంటే మళ్లీ పోట్లాడేదాన్నే.