చెల్లికి అడ్డం నేనే

మా చెల్లి మా ఇంటికి పొరపాటున వచ్చింది.

తగరపువలస దారిలో మా చర్చి సంఘంవాళ్లు నడిపే పిల్లల హోమ్ ఒకటి ఉండేది. క్రిస్మస్ సెలవులకు చుట్టాలున్న పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతే, ఎవరూ లేనివాళ్లను సంఘంలోని ఇళ్లకు పంచేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక చీటీలు తీసేవారు. ఆ ఏడు మాకొచ్చిన చీటీలో ఒక అబ్బాయి పేరుంది. వాడెక్కడున్నాడా అని మేం వెతుకుతుండగా ఆరేళ్ల పిల్ల ఒకతె వెళ్లి నాన్న స్కూటరెక్కి ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంది. దిగమంటే దిగలేదు.

"నా బండి ఇదే" అంది.

చీటీలోని అబ్బాయి దొరికాడు గాని, మా ఇంట్లో కలర్ టీవీ లేదని తెలుసుకుని వేరేవాళ్లతో వెళ్లిపోయాడు. పొరపాటు అందరికీ సరిపోయింది.

అప్పుడు నాకు పదహారేళ్లు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లో దూరి, వాళ్లు వెళ్లేదాకా పుస్తకం చదువుకునేదాన్ని. గోపాలపట్నంలో మా రెండు గదుల ఇంట్లో నా మంచం సగం ఆ పిల్లకు పోయింది. నిద్రలో తన్నేది. పగలు నా డైరీ మీద కూర్చునేది. పది రోజులు ఓర్చుకోమంది అమ్మ. పదో రోజు హోమ్ జీపు వచ్చేసరికి పిల్ల కనబడలేదు. గంటసేపు వెతికాక బియ్యం డ్రమ్ము వెనక దొరికింది. అక్కడ దాచింది నేనేనని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

హోమ్ చూసే అమ్మగారు ఖచ్చితమైన మనిషి. మా అమ్మ ఏడుపు, పిల్ల ఏడుపు పూర్తిగా విని, అప్పుడు నోరు విప్పింది.

"జూన్‌లో బడి తెరిసేలోగా కోర్టు కాయితం తెచ్చుకోండి. లేకపోతే నానే వచ్చి తీసుకెళ్తాను. ప్రేమ ఒక్కటే సరిపోదమ్మా, ఫైలుండాల. మంచి క్రైస్తవులని చర్చి అయ్యగారి ఉత్తరం కూడా జత సెయ్యండి."

నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. బోల్టు బిగిస్తే బిగిసినట్టే అనుకునే మనిషి. కాగితం కూడా అంతే అనుకున్నాడు. తోడుగా పోర్టులో క్రేన్ నడిపే మావయ్యను, అంటే అమ్మ తమ్ముణ్ని, వెంటబెట్టుకుని ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాం. నేను లోపలికి పోలేదు. మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. తలుపు తీసే ఉంది, అంతా వినబడుతోంది.

"మీరు క్రిస్టియన్సా?" అన్నారు ప్లీడరుగారు.

"అవునండి" అన్నాడు నాన్న.

"అయితే దత్తత కుదరదు. మీకు దత్తత చట్టం లేదు."

మావయ్య ఆగలేకపోయాడు. "అదేటండీ! దేవుడు మనందర్నీ దత్తత తీసుకున్నాడని మాకు ప్రతి ఆదివారం సెప్తారు కదండీ!"

"దేవుడికి కోర్టుతో పని లేదు. మీకుంది. ఏవీ, సర్టిఫికెట్లు చూపించండి."

నాన్న కవరు ఇచ్చాడు. కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత ప్లీడరుగారి గొంతు సంబరంగా వినబడింది. "మీరు హిందువులే కదయ్యా! ఆ మాట ముందు చెప్పరేం?"

తాత కాలం నుంచి మేం చర్చికి వెళ్తున్నాం. నాన్న బడి సర్టిఫికెట్టులోను, కులం కాగితంలోను మాత్రం హిందూ అనే ఉంది. క్రైస్తవులని రాస్తే రిజర్వేషన్ పోతుందని మా పేటలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అంతే.

అలా ఒక్క పిల్ల కోసం రెండు ఫైళ్లు మొదలయ్యాయి. హోమ్ ఫైలులో మేం మంచి క్రైస్తవులం. కోర్టు ఫైలులో మంచి హిందువులం. రెండింటికీ నాన్న ఒకే ఫోటో అంటించాడు.

అమ్మకు అన్నం సయించలేదు. "ఏటండీ, ఒక్క సంతకం కోసం దేవుణ్ని కాదంటామా మనం?"

"కాదనక్కర్లేదే. ఊరుకుంటే సాలంట."

"ఊరుకోడం మాత్రం అనడం కాదేటి?"

మూడు రోజులు ఉపవాసం ఉండి, నాలుగో రోజు నన్ను తోడు తీసుకుని అయ్యగారింటికి వెళ్లింది. అంతకు ముందు ఆదివారమే ఆయన దిక్కులేని పిల్లల గురించి ప్రసంగించి, సంఘం మొత్తం చేత కన్నీళ్లు పెట్టించారు. అమ్మ అడిగింది విని, ప్రార్థన చేద్దాం అన్నారు. జడ్జిగారి కోసం, ప్లీడరుగారి కుటుంబం కోసం, వాళ్ల పిల్లల చదువుల కోసం చాలాసేపు ప్రార్థించారు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "నీకు అన్నీ తెలుసు తండ్రీ" అని దాటేశారు. ఆమెన్ అయ్యాక, "ఉత్తరం నేను రాసిస్తానమ్మా. కోర్టులో ఏం రాస్తారో నాకు చెప్పొద్దు" అన్నారు.

సంతకాల రోజు అమ్మ నా చెయ్యి వదలకపోవడంతో నేనూ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ప్లీడరుగారు ఫారం నింపుతూ అడుగుతున్నారు. పేరు, వయసు, ఉద్యోగం.

"సంతానం?"

"ఒక్కతే అమ్మాయండి" అన్నాడు నాన్న.

పెన్ను ఆగింది. "అమ్మాయా? ఈ అమ్మాయి మీ అమ్మాయా? వాళ్లమ్మాయేమో అనుకున్నాను" అని మావయ్యను చూపించారు. తర్వాత లావుపాటి పుస్తకం తీసి, ఒకచోట వేలు పెట్టారు. "హిందూ దంపతులు కూతురు బతికి ఉండగా ఇంకో కూతుర్ని దత్తత తీసుకోకూడదు. కొడుకుంటే ఇబ్బంది లేకపోను."

గదిలో అందరూ నావైపు తిరిగారు. గుమాస్తా కూడా టైపు ఆపి చూశాడు. ఎవరి కంటా పడకుండా పదహారేళ్లు నెట్టుకొచ్చినదాన్ని, చట్టం కంట పడ్డాను. నేను చేసిన తప్పల్లా బతికి ఉండడమే.

చెల్లి కుర్చీ మీద కాళ్లు ఊపుతోంది. "ఐతే అక్కని ఎవులికైనా ఇచ్చెయ్యండి" అంది.

"నోర్ముయ్యే!" అంది అమ్మ.

మావయ్య మాత్రం ఆలోచనలో పడి, అమ్మను ఆపాడు. "ఆగప్పా. బావా, పిల్ల సెప్పిందాన్లో పాయింటుంది. నాకు ముగ్గురూ మగపిల్లలే. కాయితం మీద దీన్ని నాకిచ్చెయ్. మనిషి మీకాడే ఉంటాది. కాయితం మాకాడ ఉంటాది."

"కూతుర్నిచ్చి కూతుర్ని తెచ్చుకోమంటావేట్రా?"

"మార్పిడి కాదు బావా, సర్దుబాటు!"

ప్లీడరుగారు కోప్పడతారనుకున్నాను. ఆయన పేజీలు తిప్పుతున్నారు. "అమ్మాయి వయసెంత?"

"పదారండి."

"పదిహేను దాటితే దత్తత ఇవ్వకూడదు."

మావయ్య నాన్న భుజం మీద చెయ్యి వేసి, చాలా బాధగా, "ఏడాది లేటు సేసేం బావా" అన్నాడు.

ఉన్నట్టుండి అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. "హిందువులైనా కుదర్దన్నమాట! మూడు రోజులు పస్తున్నాను కదండీ దీనికి! ఇంక ఉన్నదున్నట్టు రాసెయ్యండి ప్లీడరుగారూ."

ఉన్నదున్నట్టు రాస్తే దొరికేది సంరక్షణ. పాత చట్టం ఒకటుంది, దాని కింద ఏ మతంవాళ్లయినా పిల్లకు సంరక్షకులుగా ఉండొచ్చు. తల్లిదండ్రులు మాత్రం కారు.

"పద్దెనిమిదేళ్లు వచ్చేదాకే" అన్నారు ప్లీడరుగారు.

"తరవాతో?" అన్నాడు నాన్న.

"తర్వాత ఆ అమ్మాయికి మీరు ఏమీ కారు."

నాన్న ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వేసవి సెలవులకు కోర్టు మూసే ముందు మా పిటిషను విచారణకు వచ్చింది. జడ్జిగారు చెల్లిని దగ్గరికి పిలిచి, మా వైపు చూపించి, "వీళ్లు నీకేమవుతారమ్మా?" అని అడిగారు.

"నాకేటి తెల్దండి" అంది చెల్లి. "మీరు సెప్తేనే తెలుస్తాదంట. మా నాన్న సెప్పేడు."

జడ్జిగారు కాగితాలు ముందుకు లాక్కుని సంతకం పెట్టారు. హోమ్ అమ్మగారు ఆర్డరు కాపీని మడత పెట్టి తన ఫైలులో పెట్టుకుని, మొదటిసారి మా ఇంట్లో టీ తాగింది.

పన్నెండేళ్లు గడిచాయి. చెల్లి నా మంచంలో సగం నుంచి ముప్పావు భాగం దాకా ఆక్రమించింది. ఆదివారాల్లో దత్తత మాట వచ్చినప్పుడల్లా పక్కకు వంగి, "దేవుడికి కూతుర్లు లేరు గావాల, అందుకే కుదిరింది" అని నా చెవిలో గొణిగేది. నేను పాటల పుస్తకం వెనక మొహం దాచుకునేదాన్ని. నిజానికి నాకు ఆ ప్రసంగంలో ఎప్పుడూ ఒకటే అర్థమయ్యేది. ఆయన మనల్ని తీసుకున్నప్పుడు ముందునుంచి ఉన్నవాళ్లను అడ్డం అనుకోలేదు.

చెల్లికి పద్దెనిమిది దగ్గరపడుతుంటే ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పుట్టినరోజున కేకు కోశాం. ఆ మర్నాటినుంచి చెల్లి తక్కువ మాట్లాడడం మొదలుపెట్టింది. తన కంచం తనే కడిగి, బోర్లించి, చుట్టాలింట్లో ఉన్నట్టు ఒద్దికగా తిరిగింది. అది చూడలేకపోయాం. చట్టం మారిందని, ఏ మతంవాళ్లయినా ఇప్పుడు దత్తత తీసుకోవచ్చని చర్చిలో ఎవరో చెబితే నాన్న షిఫ్టు మానేసి ప్లీడరుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన అంతా విని, వేళ్ల మీద లెక్కపెట్టారట. చెల్లికి పద్దెనిమిది నిండి పదకొండు రోజులు.

"పెద్దయిపోయింది. కొంచెం ముందు రావలసింది" అన్నారట.

ఆ వారంలోనే ఓటర్ల జాబితా రాసే మనిషి మా వీధికి వచ్చాడు. కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లెవరైనా ఉన్నారా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను. చెల్లి బయటికి వెళ్లి తన పేరు చెప్పింది.

"తండ్రి పేరు?"

చెల్లి నాన్న వైపు చూసింది. నాన్న లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అంటే బాబూ, అదేటంటే, కోర్టోళ్లు మాకు…"

వంటింట్లోంచి నాన్న పేరు వినబడింది. ఇంటిపేరుతో సహా, వీధి చివరకు వినబడేంత గట్టిగా. అమ్మ గొంతు. అమ్మ నోట నాన్న పేరు నేనెప్పుడూ వినలేదు. ఆస్పత్రి చీటీ దగ్గర అడిగినా నావైపు చూసేది, నేను చెప్పేదాన్ని.

నాన్న వంటింటి వైపు తిరిగాడు. ఆ మనిషి తలెత్తకుండా రాసుకుని, "ఇంటి నంబరు?" అన్నాడు.

అతను పక్కింటికి వెళ్లాక నాన్న మెల్లగా వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. "నా పేరు నీకు తెల్సేటే?"

"పనిలో ఉన్నాను, ఊరుకోండి" అంది అమ్మ.

చెల్లి అప్పటికే చెప్పులు లేకుండా పక్కింటికి పరిగెత్తింది. అతను వాళ్ల వివరాలు రాస్తుంటే భుజం మీదుగా తొంగి, పేజీ వెనక్కి తిప్పించి, మా వరస మొత్తం చదువుకుని వచ్చింది.

"సరిగ్గానే రాసేడు" అంది. "అమ్మా, ఆకలేత్తంది. కంచం పెట్టు."

అమ్మ పెట్టింది. తిన్నాక కంచం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నేనే కడిగాను.