మా చెల్లెలి కూలి

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక పెద్ద ఎస్టేటుకు దివాను. కలెక్టరు దొర ఊళ్లోకి వస్తే ఎదురు వెళ్లి తీసుకువచ్చేది ఆయనే. తాతగారి హయాంలో చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల తగవులు మా ఇంటి అరుగు మీదే తేలేవి. ఆయన మాట కాదని కోర్టుకెక్కిన వాడు లేడని మా వాళ్లు చెప్పుకునేవారు. నాన్నగారు ప్లీడరీ చేయడానికి హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటకూ పంజగుట్టకూ నడుమ రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని చోట స్థలం కొని ఇల్లు కట్టించారు. నేను ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మా వంశం దిగిన మెట్లు ఇవి. వీటిని నేనెప్పుడూ దాచలేదు.

దాచింది మా చెల్లెల్ని.

ఆమె నాకంటే పన్నెండేళ్లు చిన్న. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. మాట ఆలస్యంగా వచ్చింది, అక్షరాలు రాలేదు, అంకెలు పది దాటి నిలవలేదు. డాక్టర్లు దానికేదో పేరు చెప్పారు గానీ మా ఇంట్లో ‘నలత’ అనే అనేవాళ్లం. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ఎవరైనా అడిగితే, “అమ్మాయికి కాస్త నలతగా ఉంది, రాలేదు” అనేది అమ్మ. ముప్పై ఏళ్లు అదే నలత. బంధువులు వస్తే చెల్లెలు వెనక గదిలోకి వెళ్లిపోయేది. ఎవరూ వెళ్లమనక్కర్లేదు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే తనే లేచేది. అమ్మానాన్నలు పోయాక ఆ ఏర్పాటును నేనూ మార్చలేదు. అన్నానికీ బట్టకూ మందుకూ ఆమెకు ఏనాడూ లోటు చేయలేదు. అంతకు మించి చేయవలసింది ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

సాఫ్ట్‌వేర్ కోర్సుల జోరు మొదలయ్యాక మా వీధి మారిపోయింది. ఖాళీ గోడ కనపడితే కోచింగ్ పోస్టరు, ఖాళీ గది కనపడితే హాస్టలు. జిల్లాల నుంచి దిగిన పిల్లలు ఫైళ్లు పట్టుకుని పొద్దుటే బారులు తీరేవారు. నేనూ ముందు ప్రహరీ కొట్టించి రెండు షట్టర్లు వేయించాను. ఒకదాంట్లో జిరాక్సు మిషను వచ్చింది. రెండోదాంట్లో ఒక దర్జీ ఆవిడ దిగింది. తెలంగాణలో నేత పని పడిపోయిన ఊరి నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో కాపురముంటోంది. నలభై ఏళ్లుంటాయి. మెళ్లో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు తీయకుండానే ఎవరితోనైనా వాదించగలదు.

ఆమె వచ్చిన నెలకు శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవాలని కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఆవిడకు బొట్టు పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

“ఇంకొకామె ఉన్నది గద ఇంట్ల. గామెను సుత పిలువుండ్రి.”

“ఎవరమ్మా?” అన్నాను, తెలియనట్టు.

“గా కిటికీలకెళ్లి రోజు నా మిషను దిక్కు చూస్తది. నేను చెయ్యి ఊపుత, ఆమె సుత ఊపుతది. మా దోస్తీ నెల సంది నడుస్తుంది.”

“ఆమెకు నలతగా ఉంటుంది. పేరంటాలకు రాదు.”

“వస్తదో రాదో ఆమె చెప్తది. ఇంట్ల ఎంతమంది ఆడోల్లుంటే అంతమందికి బొట్టు వెట్టాలె. ఒకల్లను ఇడిశిపెడితే పిలిశినట్టే గాదు అన్నా.”

అద్దెకున్న వాళ్లు నన్ను సార్ అంటారు. అన్నా అని ఎవరూ అనలేదు. నేను ఏదో అనేలోగా మా ఆవిడ లోపలికి వెళ్లి చెల్లెల్ని చెయ్యి పట్టుకు తీసుకొచ్చింది. పరాయి మనిషి ఆమె నుదుట బొట్టు పెట్టడం నేను చూడడం అదే మొదలు. పెట్టి, ఏ ఇంటి ఇల్లాలినైనా పిలిచినట్టే పిలిచింది.

“శుక్రారం పొద్దూకి రావాలె అక్కా. మరువద్దు.”

చెల్లెలు మరవలేదు. మధ్యలో ఉన్న మూడు రోజులూ, “ఇవాళ శుక్రవారమా?” అని మా ఆవిణ్ణి అడుగుతూనే ఉంది.

పేరంటం మర్నాటి నుంచి చెల్లెలు ఆ కొట్టుకు వెళ్లసాగింది. ఆమెకు తగిన పని కోసం దర్జీ ఆవిడ చాలా రోజులు వెతికింది. హుక్కులు కుట్టిస్తే వేళ్లు పొడుచుకుంది. పాత కుట్లు విప్పిస్తే బట్ట చిరిగింది. ఆవిడ విసుగుపడలేదు. చివరికి తన పద్ధతినే కొంచెం మార్చుకుంది. దర్జీలు బిల్లుకు నంబరు వేసి, గుర్తుకోసం అదే బట్ట పీలిక ఒకటి పిన్ను కొడతారు కదా. ఆవిడ నంబరు సంగతి వదిలేసి పీలిక మీదే కొట్టు నడిపింది. హాస్టలు పిల్ల బిల్లు ఇస్తే చెల్లెలు దాని మీది పీలిక చూసి, అరలో పెట్టిన బట్టలతో ఒక్కొక్కటే జోడించుకుంటూ పోయి, సరిపోయినదాన్ని తెచ్చి ఇచ్చేది. కొంచెం ఆలస్యమయ్యేది. “ఇంటర్వ్యూ ఉందండీ, త్వరగా” అని పిల్లలు గునిసేవారు. “గింత ఓపిక లేకుంటె రేపు ఆఫీసుల ఏం జేస్తవ్ బిడ్డా” అనేది ఆవిడ.

చెల్లెలి స్టూలు ఆవిడ షట్టరు ముందే, రోడ్డు కనపడేలా వేసింది. కొత్తగా వచ్చిన వాళ్లు స్టూలు వైపు చూసి, గొంతు తగ్గించి ఆవిణ్ణి అడిగేవారు. “ఏమైంది ఆమెకు? మాట్లాడుతుందా?”

“గీడనే కూసున్నది, చెవులు సుత మంచిగున్నయ్. ఆమెనే అడుగుండ్రి.”

చాయ్ తెచ్చే మనిషిదీ అదే తంతు. “అక్కకు చక్కెర ఎంత?” అంటే, “నాకేమెరుక? తాగేది నేనా?” అనేది. వారం తిరిగేసరికి అతను నేరుగా స్టూలు దగ్గరికే వెళ్లి అడగడం నేర్చుకున్నాడు. “ఎక్కువ” అనేది చెల్లెలు. ఆమె నోట ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పెట్టింది తినేది.

ఒకసారి పొరపాటు జరిగింది. ఒకే దుకాణంలో ఒకే గుడ్డ కొనుక్కున్న ఇద్దరి జాకెట్లు తారుమారయ్యాయి. మధురానగర్ నుంచి వచ్చే ఒక పంతులమ్మ కొట్టు ముందు నిలబడి గట్టిగా కేకలు వేసింది. “ఇలాంటివాళ్లను కూర్చోబెడితే ఇంతే! ఎవరైనా కాస్త తెలివైన దాన్ని పెట్టుకోకూడదూ?”

ఆవిడ సూదులు నోట్లోంచి తీసింది. తీసిందంటే గట్టి మాట వస్తుందని వీధికంతా తెలుసు. “మొన్న నీ జాకెటు చేతులు రెండు ఇంచులు పొడుగు కుట్టింది నేను. అప్పుడు నవ్వి ఊకున్నవ్. నేను తప్పు జేస్తె తప్పు, ఆమె జేస్తె ఆమె తీరే గంతనా?” తరవాత చెల్లెలి వైపు తిరిగి, “అక్కా, గీ జాకెటు ఈమెది గాదట. చూసి ఇయ్యి” అంది. చెల్లెలు చూసి ఇచ్చింది. ఓదార్పు లేదు, వెనకేసుకురావడం లేదు. తప్పు జరిగితే కొట్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఏం చేస్తారో అదే చేయించింది. అది చూశాక ఆవిడ మీద నాకు గౌరవం మొదలైంది.

గౌరవం ఉన్నా నా పొగరు నాకు ఉండనే ఉంది. నెల తిరగగానే చెల్లెలు ఒక కవరు తెచ్చి నాకూ మా ఆవిడకూ మార్చి మార్చి చూపించింది. జీతం. నేను ఆ కవరు తీసుకుని కొట్లోకి వెళ్లి మిషను మీద పెట్టాను.

“మా ఇంటి ఆడపడుచు కూలి పుచ్చుకోదమ్మా. సరదాకి వస్తోంది, రానీ. డబ్బు మాత్రం వద్దు.”

ఆవిడ మిషను ఆపింది. “పని చేయించుకొని పైసలియ్యకుంటె దాన్నేమంటరో మీకెరుకే గద అన్నా. మా తాత దొర గడీకి ఏడాదికింత అని ఊకెనే చీరలు నేసిచ్చిండు. వెట్టి అంటరు దాన్ని. ఆమెతోని నేను వెట్టి చేయించ.”

తాతగారి పల్లకీ మోసిన బోయీలకు ఎవరూ కూలి ఇవ్వలేదు. కట్టెలు కొట్టినవాళ్లకూ, పెళ్లికి పందిళ్లు వేసినవాళ్లకూ ఇవ్వలేదు. అభిమానంతో చేస్తారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. మర్యాద అనుకుని నేను చేయబోతున్నది ఏమిటో ఒక దర్జీ ఆవిడ ఒక్క మాటతో నా ముందు పెట్టింది. కవరు తీసుకువెళ్లి చెల్లెలి చేతిలోనే పెట్టాను. ఆ సాయంత్రం ఆమె బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుని రోడ్డు మీదే నిలబడి తిన్నది. మా వంశంలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే.

మరుసటి ఏడు చలికాలం చివర్లో ఒక కోచింగ్ సంస్థ యజమాని వచ్చాడు. ముప్పై దాటని వయసు, మా జిల్లావాడే. మా ఇంటి మేడ మొత్తం, దాంతోపాటు జిరాక్సు షట్టరూ అద్దెకు కావాలన్నాడు. అంతకుముందు వానలకు మేడ పైకప్పు కారి గదులన్నీ పాడయ్యాయి. అతను ఇస్తానన్న అడ్వాన్సు కప్పు తిరిగి వేయించడానికి సరిపోతుంది. నేను లోలోపలే ఒప్పేసుకున్నాను.

“ఒక్క చిన్న విషయం బాబాయ్‌గారూ” అన్నాడు లేస్తూ. “మా రిసెప్షన్ పక్కనే ఆ టైలరింగ్ షాపు వస్తుంది కదండీ. పేరెంట్స్ అదీ వస్తారు. ముందు కూర్చునే ఆవిణ్ణి కాస్త వెనక్కి కూర్చోబెట్టిస్తే బాగుంటుందండి. ఏంటంటే, చూడగానే... మీకు తెలియనిదేముంది.”

ముందు కూర్చునేది ఎవరో అతనికి తెలియదు. మా చెల్లెలని నేనూ చెప్పలేదు. ‘చూద్దాం’ అన్నాను. తిన్నగా కొట్లోకి వెళ్లి, స్టూలు లోపలి గోడవైపు వేయించమని దర్జీ ఆవిణ్ణి అడిగాను. కారణం కూడా చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు.

“ఇల్లు మీది, షట్టరు మీది. నన్ను ఖాళీ చెయ్యమంటె చేస్త, ఫికర్ లేదు. ఆమె కూసునే జాగ గురించి నన్నెందుకు అడుగుతుండ్రు? ఆమెనడుగుండ్రి.”

నలభై దాటిన మా చెల్లెల్ని నేను అంతవరకూ ఆకలేస్తోందా, నిద్రొస్తోందా అని తప్ప ఏమీ అడగలేదు. స్టూలు పక్కన వంగి నిలబడ్డాను.

“అమ్మడూ, రేపటి నుంచి లోపల, వెనక కూర్చుంటావా?”

ఆమె చేతిలో ఒక పచ్చ పీలిక ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. రోడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది.

“వెనక ఎవరూ రారు, అన్నయ్యా” అంది.

దర్జీ ఆవిడ తల వంచుకుని మిషను మీద బట్ట సర్దుకుంటోంది. గెలిచినట్టు చూడలేదు. ఆ తరవాత కూడా ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు.

మర్నాడు వచ్చిన యజమానితో, ముందు కూర్చునే ఆవిడ మా చెల్లెలని, ఆమె అక్కడే కూర్చుంటుందని చెప్పాను. అతను తడబడి, “అయ్యో, నాకు తెలియదండి” అన్నాడు. అద్దె ఇంకొంచెం పెంచి చూశాడు. చివరికి పక్క వీధిలో ఇంకో మేడ చూసుకున్నాడు. కప్పు మాత్రం మరో వానకు నిలిచేలా లేదు. ఆ వేసవిలో ఊరు వెళ్లి, మాకు మిగిలిన రెండెకరాల మాగాణి అమ్మాను.