మునగాకు వేసి కాచిన నెయ్యి

ఇవాళ కువైట్‌లోని ఫింటాస్‌లో మా అన్న ఫ్లాటు తలుపు తెరుచుకోగానే మునగాకు వేసి కాచిన నెయ్యి వాసన గుప్పుమంది. ఇంకొకరికైతే ఆ వాసనకు ఆకలేస్తుందేమో, నాకు ఒళ్లు మండుతుంది. లోపల మంచం మీద మా పెద్దమ్మ, అంటే మా నాన్నకు వదిన, పొట్ట మీద చిన్న చిన్న పట్టీలతో కూర్చుని ఉంది. పిత్తాశయంలో రాళ్లు చేరి అది వాచిందట, నాలుగు చిల్లులు పెట్టి ఆ సంచినే తీసేసి మర్నాడే ఇంటికి పంపేశారు. ఆమె కొడుకైన ఆ అన్న బతిమాలితే చూడ్డానికి వచ్చాను గానీ ప్రేమ పొంగి రాలేదు.

నా చిన్నప్పుడు హవల్లీలో ఒకే ఫ్లాటులో మా రెండు కుటుంబాలూ ఉండేవి. నాన్నా పెదనాన్నా డ్రైవర్లు, పెద్దమ్మ ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి, అమ్మ ఇంటిపట్టున ఉండేది. ఎండాకాలం ఏసీ నీళ్లు బొట్లు బొట్లుగా రాలే బాల్కనీలో మేం పిల్లలం ఖర్జూరం గింజలతో వామనగుంటలు ఆడుకుంటుంటే, కింద రొట్టెల పొయ్యిలోంచి వేడివేడి ఖుబ్బూస్ వాసనా, లోపల అమ్మ నూరే ఎర్రకారం ఘాటూ కలిసి వచ్చేవి. పెద్దమ్మ కడప నుంచి తెచ్చుకున్న నేతి డబ్బా మాత్రం బీరువాలో తాళం వేసి ఉండేది. పండగకు ఒక్క చెంచా వేసి, ఆ చెంచా తనే నాకేది, మహాతల్లి!

ఇరాక్ సైన్యం దిగిన ఆగస్టులో అన్నీ తలకిందులయ్యాయి. పెద్దమ్మ 'మామా' అని పిలిచే ఆ కువైటీ ఇంటి యజమానురాలు సౌదీకి పారిపోయింది, రొట్టెల కోసం వీధి చివరిదాకా బారులు, వీధి మొగలో తుపాకులు. ఉన్న కాస్త అన్నమూ మాకు పెట్టి అమ్మ పస్తులుండేది. వినాయక చవితి నాడు పెద్దమ్మ తాళం తీసి, ఎన్నడూ లేని ధారాళంతో కుడుముల మీద నెయ్యి కుమ్మరించింది. ఆ మధ్యాహ్నమే అమ్మ కుడి డొక్క పట్టుకుని మెలికలు తిరిగిపోయింది.

"కుడి బుజం దాకా గుంజతాండాదక్కా," అంది అమ్మ.

"వేడి చేసిండాది, అంతే. నెయ్యిలో జీలకర్ర ఏసి తాగు, సల్లబడతాది. ఆస్పత్రికి పోతే దావలో మొగోళ్లను పట్టకపోతాండారంట!" అంది పెద్దమ్మ.

మా సీమలో ఏ నొప్పికైనా మొదటి పేరు వేడే, దానికి మందు నెయ్యే. తాగడం, కక్కడం, మళ్లీ తాగడం. అక్క మాటకు ఎదురు చెప్పడం మా అమ్మకు చేతకాదు. రెండు రోజులకు అమ్మ చలిజ్వరం వచ్చి వణికింది, కళ్లు పచ్చబడ్డాయి. పెద్దమ్మ డబ్బా అడుగు గోకి మరీ తాపించింది. చివరికి నాన్న తెగించి అమ్మను కారులో పడుకోబెట్టి, తోడుగా నన్నూ తీసుకెళ్లాడు.

ఆస్పత్రిలో స్కానింగ్ మిషను లేదు, సైనికులు పట్టుకుపోయారన్నారు. ముసలి అరబ్బు డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్లు నొక్కి ఊపిరి తీయమన్నాడు. నొప్పి పొడిచి అమ్మ ఊపిరి సగంలోనే ఆపేసింది. పిత్తాశయంలో రాయి పసరు దారికి అడ్డుపడి సంచి వాచి చీము పట్టిందనీ, రాళ్లున్న మనిషికి కొవ్వు పెడితే ఆ సంచి ఇంకా బిగుసుకుంటుందనీ నాన్నతో హిందీలో చెప్పాడు. "ముందే తీసుకొచ్చుంటే నోటికేమీ ఇవ్వకుండా సెలైనూ సూదులూ పెట్టి, నెమ్మదించాక కోసేవాళ్లం. ఇప్పుడది పగిలింది," అన్నాడు. కోసే డాక్టరేమో దేశం వదిలి వెళ్లిపోయాడు. మర్నాడు అమ్మ పోయింది.

బస్రా మీదుగా బస్సులో ఇండియాకు వెళ్లిపోతున్నప్పుడు నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "వదినె ప్రేమతో పెట్టింది. నెయ్యి వల్లనేనని ఆ యమ్మకు ఎప్పుడూ చెప్పొద్దు పాపా." పెద్దమ్మేమో ఇన్నేళ్లూ ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో "మా తోడికోడల్ని యుద్ధం మింగింది" అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆ ఏడుపు చూసినప్పుడల్లా నా పళ్లు పటపటలాడేవి.

ఇప్పుడు హవల్లీలో ఆ మిద్దె లేదు, దాని చోట సెల్‌ఫోన్ల దుకాణాలు లేచాయి. రొట్టెల పొయ్యి లేదు, ఒట్టు పెట్టించుకున్న నాన్నా లేడు. ఇవాళ అన్న ఇంట్లో కంచాలు వడ్డిస్తుండగా పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమ్మే, ఈ నొప్పి నాకూ బుజం దాకా గుంజె. డాక్టరు నెయ్యి ముట్టొద్దన్న్యాడు." పొట్ట మీది పట్టీ తడుముకుంది. "మీయమ్మకూ ఇదేనా?"

"ఇదే," అన్నాను.

ఆమె తన కుడి చేతి వంక చూసుకుంది. "ఈ చేత్తోనే తాపిస్తినే..."

నేను ఓదార్చలేదు. ఆమె కోడలు నా అన్నం మీద నెయ్యి వేయబోయింది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను.