సెన్సరుకు వేసిన మల్లెదండ

అర్ధవీడు దగ్గర లక్ష్మీకాంత్ కోళ్ల షెడ్డులో ఆటోమేటిక్ పెట్టె బిగించింది నేనే. గిద్దలూరు నుంచి పామూరు దాకా ఇలాంటివి బిగించడమే నా బతుకుతెరువు. షెడ్డు మధ్యలో వేలాడే సెన్సరు వేడిని కొలుస్తుంది. వేడి పెరిగితే పెట్టె తనే ఫ్యాన్లు తిప్పుతుంది, ఇంకా పెరిగితే నీటి తుంపర వదులుతుంది. అంకెలన్నీ యజమాని ఫోనులో కనిపిస్తాయి. "ఇక మనిషితో పని లేదండీ" అని డప్పు కొట్టుకున్నదీ నేనే. ఆ మాట యేసుమణి మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

యేసుమణి పన్నెండేళ్లుగా ఆ షెడ్డు చూసుకుంటోంది. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ కోళ్లు. కోడి రెక్కలు ఎడంగా పెట్టి నోరు తెరిచిందంటే వేడెంతో చెప్పేస్తుంది. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి షెడ్డు పక్కలకు కట్టి, ఒక్క కోడి పోయినా రెండు రోజులు అన్నం సరిగా తినని మనిషి. లక్ష్మీకాంత్ కంభంలో దుకాణం నడుపుతాడు, చెడ్డవాడు కాదు. ఈ బ్యాచి కోళ్లు అమ్మకానికి లారీ ఎక్కాక రానక్కర్లేదని మెత్తగానే చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పినా పని పోవడం పోవడమే. ఊళ్లో ఏడాది పొడుగునా దొరికే పని ఆమెకు అదొక్కటే. అది పోతే తాపీపనికి వలసపోయిన మొగుడు నతానియేలు వెనకాల తనూ పోవాలి.

లక్ష్మీకాంత్ తల్లి దుర్గాంబ కొత్త వస్తువు ఏది వచ్చినా బొట్టు పెట్టందే ఊరుకోదు. నవ్వే హక్కు నాకు లేదు, మా అమ్మ నా స్క్రూడ్రైవర్లకు కూడా పెడుతుంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆమె కొడుకుతో కంభం నుంచి వచ్చి, సెన్సరుకు పసుపు దట్టంగా పూసి, కుంకుమ పెట్టి, నీళ్లు చల్లిన మల్లెదండ చుట్టి వెళ్లేది. మొదటి శుక్రవారం నేనూ అక్కడే ఉన్నాను. ఫొటో తీసి నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను.

మే నెలలో ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం కోళ్లు నోళ్లు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. పెట్టె మీద ఇరవైతొమ్మిది డిగ్రీలే ఉంది. యేసుమణి లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేసింది.

"అయ్యా, కోళ్లు పడిపోతాండాయి. ఫ్యాన్లు తిరగడం లేదు."

"ఫోనులో ఇరవైతొమ్మిదే చూపిస్తాంది కదక్కా. మిషన్ కంటే నీకెక్కువ తెలుసా ఏంది? దాన్ని ముట్టుకోవద్దు. సాయంత్రం వస్తా."

చేత్తో ఫ్యాన్లు వేసే స్విచ్చులు పెట్టె లోపల ఉన్నాయి. పెట్టె తాళంచెవి లక్ష్మీకాంత్ దగ్గరుంది. తాళం వేసుకోమన్న తెలివి కూడా నాదే.

యేసుమణికి సెన్సరు ఎలా పనిచేస్తుందో తెలియదు. కానీ కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడతాయని తెలుసు. ఇక్కడ వేడి చూసేదానికే తడిపూలు చుట్టి ఉన్నాయి. చెయ్యెత్తి ఆగిపోయింది. చర్చికి పోయే మనిషి పూజ చేసిన పూలు పీకేసిందని ఒక్కరన్నా చాలు, ఊళ్లో తలెత్తుకోలేదు. కాళ్ల దగ్గర ఇంకో కోడి ఒరిగింది. ఆమె దండ విప్పి, కడిగిన పళ్లెంలో పెట్టి, కొంగుతో పసుపంతా తుడిచేసింది.

ముప్పైరెండు. ముప్పైఆరు. ముప్పైతొమ్మిది. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, తుంపర లేచింది.

వేడెక్కువైందని కంభంలో లక్ష్మీకాంత్ ఫోను అలారం మోగింది. నేను ఆ రోజు అక్కడే ఉండబట్టి లక్ష్మీకాంత్ నన్నూ కారెక్కించుకున్నాడు, దుర్గాంబ కూడా వచ్చింది. మేము చేరేసరికి పదకొండు కోళ్లు పోయాయి, తక్కిన మూడు వేలూ నిలిచాయి. ఎవరూ అడగకముందే యేసుమణి చెప్పింది.

"అమ్మా, పూలు నేనే తీసినా. బొట్టు కూడా తుడిసినా. తప్పయితే తప్పే."

తడిదానికి గాలి తగిలితే వేడి తక్కువ చూపిస్తుందని నేను గొణిగాను. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ బొట్టు చూసి ఫొటో తీసుకున్నానే గాని, వద్దని ఒక్క మాట చెప్పలేదు.

దుర్గాంబ పళ్లెంలో పూల వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నేను తడిపూలు పెడితే అంతా చల్లగుండాదని ఆ పెట్టె నీకు అబద్ధం చెప్పినాది. పూలు తీసినానని ఈమె నా మొగం మీదే నిజం చెప్పినాది. నువ్వు పనిలోంచి తీసేసేది ఎవర్నిరా?"

లక్ష్మీకాంత్ యేసుమణి వైపు తిరిగాడు. "వచ్చే బ్యాచి పిల్లలు పదో తారీకు దిగుతాయక్కా. నువ్వు ముందురోజే వచ్చి షెడ్డు నేల మీద వరిపొట్టు పరిపించు" అన్నాడు.

అప్పటిదాకా బిగబట్టుకున్న యేసుమణి ఏడ్చేసింది. దుర్గాంబ తన కొంగుతోనే ఆమె కళ్లు తుడిచింది.