సాయవ్వ పాటలో ఖాళీ చోటు

2006వ సంవత్సరం. నాందేడ్‌లో మేమున్న అద్దె ఇంటి వెనక గదిలో గోడలకు పరుపులు ఆనించి, కిటికీకి గొంగడి కట్టి, నేను రికార్డింగ్ పని మొదలుపెట్టిన ఏడాది. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు, పిల్లాడిని వదలకుండా చేసుకోగల పని అదొక్కటే కనిపించింది. హైదరాబాద్ కోఠీలో దొరికిన వాటిలో చవకైన ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాం. మైకులో పడిన గొంతును కంప్యూటర్ దాచుకోగలిగేలా మార్చి పంపే పెట్టె అది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి రెండు మైకులు, ఒక హెడ్‌ఫోన్ తగిలించవచ్చు, అంతే. బడి వార్షికోత్సవాల పాటలు, ఆటోల మీద తిప్పే దుకాణాల ప్రకటనలు నా పనులు.

బాబుకు అప్పటికి ఏడాది దాటింది. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ రావచ్చని డాక్టర్ హెచ్చరించినప్పటి నుంచి నేను హెడ్‌ఫోన్‌ను రెండు చెవులకూ పెట్టుకోలేదు. ఒక చెవి ఎప్పుడూ వాడి కోసం ఉంచేదాన్ని.

బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా తెలంగాణ సరిహద్దు ఊరు కర్ఖేలి నుంచి నాకు వరసకు అత్తయ్యే సాయవ్వ వచ్చింది, కోడలు లలితను వెంటబెట్టుకుని. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. మర్నాడే ఆపరేషన్. తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేనని డాక్టర్ ముందే అన్నాడట. వాళ్ల వాడలో బతుకమ్మ చుట్టూ పాట చెప్పేది సాయవ్వే. ఆమె ఒక పాదం అంటే మిగతా ఆడవాళ్లంతా దాన్నే తిరిగి అందుకుంటారు. చెప్పే మనిషి లేకపోతే ఆట సాగదు.

"గొంతు పోతే పోనీ బిడ్డా. పాట పోవద్దు. గా మిషిన్ల పెట్టియ్యి," అంది సాయవ్వ.

"మా అత్త నోరు మూస్కుంటదని మా మామ గిప్పటినుంచే పండుగ చేసుకుంటుండు," అంది లలిత.

"నీ నోరున్నది గద. ఇంట్ల లొల్లికి లోటు రాదు తీయ్."

లలిత నవ్వుకుంటూ రిపోర్టులు తేవడానికి దవాఖానకు వెళ్లింది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు కోత. ఆలోపే పాటలన్నీ కావాలి. బాబును పడుకోబెట్టి, సాయవ్వకు హెడ్‌ఫోన్ పెట్టి, రికార్డు నొక్కాను.

ఒక పాదం పూర్తికాకముందే ఆమె గొంతు నెమ్మదించింది. ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టించాను. మళ్లీ ఆగింది.

"మర్చిపోతున్నవా అత్తా?"

"నేనెందుకు మర్సిపోత? ఎనుక ఎవ్వలో అందుకుంటున్నరు. ఆమెది అయిపోయేదాక ఆగొద్దా? ఎవలను తెచ్చి కూసోబెట్టినవ్?"

"ఎవ్వలు లేరత్తా. మనిద్దరమే."

"ఉన్నది. అచ్చం నా లెక్కనే పాడుతున్నది. జర బద్ధకం మనిషి, ఎనుకబడుతున్నది."

హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని మైకులో మాట్లాడి చూశాను. నా మాట కొంచెం ఆలస్యంగా నాకే వినిపించింది. గొంతు కంప్యూటర్ దాకా వెళ్లి తిరిగి చెవికి చేరడానికి పట్టే ఆ జాప్యాన్ని మా పనిలో లేటెన్సీ అంటారు. పట్నం గాయకులైతే చిరాకుపడి హెడ్‌ఫోన్ తీసేస్తారు. సాయవ్వ మాత్రం ఆలస్యంగా వచ్చిన తన గొంతును వెనక అందుకునే మనిషి అనుకుని, మర్యాదగా ఆగుతోంది.

పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది వేస్తే గొంతు కంప్యూటర్ దాకా పోయి రానక్కర్లేకుండా పెట్టెలోంచే నేరుగా చెవికి వస్తుంది. వేశాను. సమస్య తీరిందనుకున్నాను. కానీ ఈసారి సాయవ్వ రెండు పాదాలు పాడి పూర్తిగా నిలిచిపోయింది.

"ఆమెను ఎల్లగొట్టినవా?" అంది. "ఆమె ఉన్నదే నయముండె. తిరిగి అనేటోళ్లు లేకుంటే నాకు ముందటి మాట నోట్లెకు రాదు బిడ్డా. ఆళ్లు అంటున్నప్పుడే నాకది యాదికొస్తది."

అప్పుడే బాబు లేచి ఏడ్చాడు. ఒళ్లు వెచ్చగా అనిపించింది. థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం లేదు. ఇంకో రోజు రమ్మందామంటే ఆమెకు ఇంకో రోజు లేదు. బాబును చంకనేసుకుని రెండో మైకు తగిలించాను. హెడ్‌ఫోన్ పక్కన పెట్టేశాను. నా గొంతు పాటకు పనికొచ్చేది కాదు. అయినా ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె చప్పట్లు కొడుతూ ఒక పాదం, తిరిగి నేను అదే పాదం.

"జోరుగ అను! కొత్త కోడలు లెక్క గొణుగుతవేంది?"

జోరుగా అన్నాను. ఇక ఆమె ఆగలేదు. మైకు కోసం పాడుతున్నట్టే లేదు, నాకు నేర్పుతున్నట్టు పాడింది. బాబు ఏడుపు మాని ఆమె చేతులనే చూస్తూ ఉండిపోయాడు. ఒక్కో పాట అవగానే సేవ్ చేస్తూ వచ్చాను. కరెంటు పోయేసరికి ఒక్క పాటే మిగిలింది.

"గా పాట లలితకు అస్తది, ఇడ్సిపెట్టు," అని చెమట తుడుచుకుంది. తర్వాత అడిగింది, "నీ గొంతు తీసెయ్యొస్తదా?"

"రెండు మైకులు రెండు ట్రాకుల్ల వేరే వేరే ఉన్నయత్తా. నాది మూసేస్త."

"తీసి, జాగ మాత్రం అట్లనే ఉంచు. ఆడ మా ఆడోళ్లు అంటరు."

పాటలో పాదాల మధ్య ఖాళీ కనిపిస్తే కోసేయడం మాకు అలవాటైన పద్ధతి. సాయవ్వ కోసం చేసిన సీడీలో ఒక్క ఖాళీని కూడా కోయలేదు. ఆమె మైకులోకి సన్నగా దూరిన నా గొంతు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆపరేషన్ క్షేమంగా జరిగింది. గొంతు బొంగురుపోయింది. బతుకమ్మ రోజు సాయంత్రం లలిత ఫోన్ చేసి, దాన్ని ఆట వైపు పట్టింది. సాయవ్వ పాత గొంతు ఒక పాదం అంది. ఆగింది. నేను ఉంచిన ఖాళీలోకి వాడంతా ఒక్కసారి వచ్చి పడింది.

"అత్త ఏది?" అన్నాను.

"మందిల కలిసి తిరుగుతున్నది అక్కా. తన గొంతుకు తనే అందుకుంటున్నది. మిషిన్ జర తొందర పడుతున్నదని తిడుతున్నది గూడ."

అప్పటి నుంచి నా గదికి ఎవరొచ్చినా, మైకు పెట్టేముందు ఒక మాట అడుగుతాను. పాడేటప్పుడు మీ పక్కన ఎవరుంటారు?