అడ్డుపుల్ల రాసిన ఏరు

సినిమా కథల గదిలో అందరూ అతన్ని అడ్డుపుల్ల అనేవారు. చాటుగా కాదు, ఎదుటే అనేవారు. అతనూ పలికేవాడు. పదిహేడేళ్ళుగా ఆ గదిలో అతని పని ఒక్కటే: హీరో నడిచే దారికి అడ్డం పడేదేదో కనిపెట్టడం.

టైర్ల దుకాణం మీద పొడవాటి గది అది. కింది నుంచి రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి కుర్చీల్లో కూర్చునేది. ఒక గోడంతా మెత్తటి అట్ట, దాని మీద గుండుసూదులతో గుచ్చిన చీటీలు. పసుపు చీటీ ఒక్కటే ఉండేది, అది హీరో కోరిక. ఎర్ర చీటీలు అడ్డంకులు. పచ్చ చీటీలు సాయపడే మనుషులు. అడ్డంకి ఎంత పెద్దదైతే పక్కనున్న సాయం అంత బలంగా ఉండాలన్నది ఆ గదిలో పెద్ద సూత్రం. పచ్చ చీటీ ఎవరైనా రాస్తారు, ఎర్ర చీటీ మాత్రం అడ్డుపుల్లే రాయాలి అనేవాడు డైరెక్టరు.

అతని కళ్ళే అలా తయారయ్యాయి. బస్సు కోసం పరుగెత్తే మనిషిని చూస్తే తెగబోయే చెప్పు కనిపించేది. నవ్వుతున్న పెళ్ళికూతురు ఫొటోలో, ఫ్రేము బయట నిలబడి ఉన్నవాడెవడో తెలిసిపోయేది. వాన పడితే అందరికీ వాన. అతనికి మాత్రం తడిసిపోతున్న ఉత్తరం.

ఉండేది అక్కా బావల ఇంట్లో, మేడ మీద రేకుల గదిలో. మొదట ఒక నెల అనుకుని వచ్చాడు. పదకొండేళ్ళయింది. "బామ్మర్ది కదా, జిగురు. నీళ్ళు పోసినా ఊడడు" అనేవాడు బావ, తన కంచం అతని వైపు జరుపుతూనే. మొట్టమొదటి కథ చెప్పుకోవడానికి వెళ్ళిన రోజు స్టూడియో గేటు దాకా వెంట వచ్చింది కూడా బావే. నాలుగు గంటలు ఎండలో నిలబడి, "ఏమన్నారు?" అని కూడా అడగకుండా ముఖం చూసి, "పద, టీ తాగుదాం" అన్న మనిషి.

బావ కలప డిపోలో కొలతల గుమాస్తా. ఆదివారాలు నాటకాలు వేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా కిరీటం నెత్తికెక్కలేదు. ద్వారపాలకుడు, వార్తాహరుడు, రాజుగారికి గొడుగు పట్టేవాడు. గొంతు మాత్రం అడవిలో చెట్టు కూలినట్టుండేది. ఆఖరి వరుసలో కునికిపాట్లు పడేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు.

ఆ ఏడాది గదిలో ఒక సాహస కథ మొదలైంది. కొండల అవతల రాతి గనిలో బందీగా ఉన్న తమ్ముణ్ణి విడిపించుకు రావాలి హీరో. పసుపు చీటీ గోడకెక్కింది. మధ్యలో ఒక ఏరు. ఏరు ఎర్ర చీటీ కాబట్టి అతనే రాశాడు. రాసి, ఒక క్షణం ఆగి, పదిహేడేళ్ళలో మొదటిసారి పచ్చ చీటీ ఒకటి తీసుకున్నాడు. 'పడవవాడు. ముసలివాడు. ప్రాణాలకు తెగించి దాటిస్తాడు.'

"అడ్డుపుల్ల చిగురేసిందిరోయ్!" అని డైరెక్టరు నవ్వాడు.

"మా బావ ఉన్నాడండీ. ఈ ఒక్కటీ ఆయనకివ్వండి."

"సరే పెట్టేద్దాం. గడ్డం పెంచమను."

గోడ మీద చీటీ గుండుసూదితో ఉన్నంతకాలం ఆ మాట మెట్లు దిగకూడదు. కథ ఖాయమయ్యాక, జిగురుతో అంటించాకే బయట చెప్పాలి. ఆ గదిలో పుట్టి పెరిగిన నియమం అది. కొత్తగా వచ్చినవాళ్ళకి దాన్ని నేర్పింది కూడా అతనే. అలాంటివాడు ఆ సాయంత్రం మెట్లు రెండేసి దిగి, వీధి మలుపు నుంచే "బావా!" అని కేకేశాడు.

బావ గడ్డం పెంచాడు. డిపో వెనకాల దుంగలు తేలే చెరువులో పాత పడవ ఒకటుంటే, రోజూ పని కాగానే దాన్నెక్కి తెడ్డు వేయడం నేర్చుకున్నాడు. రెండుసార్లు నీళ్ళలో పడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. "మొగుడనుకుని చేసుకున్నాను, పడవైపోయాడు. నిద్రలో కూడా నన్ను తోస్తున్నాడు" అని అక్క మందు రాస్తూ విసుక్కునేది. ఆ విసుగు అడుగున ఏదో దీపం వెలిగేది.

"ఒరేయ్, ఎన్ని సీన్లు నాకు?" అని అడిగాడు బావ ఒకరోజు.

"ఒకటే బావా."

"ఏరెంత లోతు?"

"నడుము లోతు."

"నడుము లోతు ఏటికి పడవెందుకురా? ప్యాంటు మడిస్తే చాలదూ!"

నిజమే అనిపించింది. మర్నాడు ఏటిని నిలువులోతు చేశాడు. పై కొండల్లో వాన కురిపించాడు. వంతెన కూల్చాడు. సుడులు పెట్టాడు. రోజూ ఇంటికొచ్చి ఆ రోజు నీళ్ళు ఎంత పెరిగాయో చెప్పేవాడు. బావ కళ్ళు మూసుకుని వినేవాడు, లోపలెక్కడో తెడ్డు వేస్తున్నట్టు భుజాలు కదిలేవి.

"మొసలి కూడా పెట్టనా?"

"వద్దురా. మొసలొస్తే జనం దాన్నే చూస్తారు, నన్ను చూడరు."

అలా మూడు వారాలు. ఏరు పెరిగితే పడవవాడు పెరుగుతాడు. సూత్రం సూత్రమే కదా. గోడ మధ్యలో ఏటి చుట్టూ ఎర్ర చీటీలు గుంపు కట్టాయి. దూరం నుంచి చూస్తే గోడకి గాయమైనట్టుండేది.

కథ వినడానికి హీరోగారు వచ్చిన రోజు ఏటి ఘట్టం అతనే చెప్పాడు. కింద టైర్లకు గాలి కొట్టే యంత్రం కూడా ఆగినట్టనిపించింది. హీరోగారు లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఎర్ర చీటీల మీద చెయ్యి వేశారు.

"ఇది కదా ఇంటర్వెల్. ఎవరు రాశారిది?"

డైరెక్టరు వేలు చూపించాడు. అతనికి ఒళ్ళు పులకరించింది.

"అంతా బాగుంది" అన్నారు హీరోగారు. "ఇంత ఏరు పొంగుతుంటే ఆ ముసలాయన తెడ్డేస్తాడు. మరి నేనేం చేస్తాను? పడవలో కూర్చుని గాలి పీలుస్తానా?"

తప్పు ఎక్కడ జరిగిందో అందరికంటే ముందు అతనికే తెలిసింది. అంతటి ఏటిని దాటించినవాడే హీరో అవుతాడు. బావను పెంచాలని నీళ్ళు పెంచాడు, ఆ నీళ్ళు కాస్తా హీరో కంటపడ్డాయి. నడుము లోతులో ఉంటే ఆ పడవ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు.

"నేను ఈదుతాను" అన్నారు హీరోగారు.

డైరెక్టరు పచ్చ చీటీకున్న గుండుసూది పీకాడు. "పడవవాణ్ణి తీసేద్దాం."

"తియ్యొద్దండీ" అన్నాడతను. "ఉంచుదాం. పడవవాడు... రానంటాడు. హీరో బతిమాలుతాడు. వాడు భయపడి, తెడ్డు నేల మీద పారేసి వెళ్ళిపోతాడు. అప్పుడు హీరో దూకుతాడు."

హీరోగారు చప్పట్లు కొట్టారు. డైరెక్టరు ఎర్ర చీటీ అందించాడు. రాస్తుంటే అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. చీటీ సరైన చోట కూర్చున్నప్పుడు ప్రతిసారీ గుండెలో చిన్న గంట మోగేది అతనికి. ఇప్పుడూ మోగింది. అందుకు తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి బావ అరుగు మీద కూర్చుని గడ్డం దువ్వుకుంటున్నాడు. అక్క పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"బావా, పాత్ర కొంచెం మారింది."

"పెరిగిందా?"

"నువ్వు రానంటావు."

"ఎక్కడికి?"

"అవతలి ఒడ్డుకి. హీరో అడిగితే, రాను బాబూ, నాకు ప్రాణం తీపి అంటావు. తెడ్డు పారేసి వెళ్ళిపోతావు."

బావ దువ్వెన పక్కన పెట్టాడు. అరచేతులు ఒకసారి చూసుకుని మూసుకున్నాడు.

"అలా రాస్తే నువ్వు వద్దనలేకపోయావా?" అంది అక్క.

"మొత్తానికే తీసేస్తామన్నారక్కా. ఉండనీ అని నేనే అలా..."

"నువ్వే రాశావా?" అక్క చేతిలో కత్తి ఆగింది.

"ఊరుకోవే" అన్నాడు బావ. నవ్వబోయాడు గానీ సగంలోనే ఆగిపోయింది. "అడ్డుపుల్లని ఇంట్లో పెట్టుకుని, తలుపు మూసుకోవడం లేదంటే ఎట్లా?" దువ్వెన మళ్ళీ అందుకుంటూ అన్నాడు: "వెళ్తాలే. రానని చెప్పడానికైనా వెళ్ళాలిగా."

షూటింగు ఏటి ఒడ్డున, పొద్దున్నే. నీళ్ళ మీద పొగమంచు ఇంకా విడలేదు. బావ తెడ్డు భుజాన వేసుకుని నడిచొస్తుంటే లైట్లవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. హీరోగారు బతిమాలారు. "రాను బాబూ" అన్నాడు బావ. కానీ ఎలా అన్నాడని! ఏటిలో కొడుకుని పోగొట్టుకున్న తండ్రి అన్నట్టుగా, ఎదుటివాణ్ణి కూడా పోగొట్టుకోలేనన్నట్టుగా. తెడ్డును పారేయలేదు, పసివాణ్ణి పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు. మేకప్పు మనిషి కళ్ళు తుడుచుకుంది.

"కట్!" అన్నాడు డైరెక్టరు. "పెద్దాయనా, జాలి వద్దు. మీ మీద జాలి పుడితే జనం మీ వైపుకి వచ్చేస్తారు. మీరు పిరికివాళ్ళు, అంతే. అడ్డుపుల్లా, ఇలా రా. మీ బావగారికి కాస్త చెప్పు."

ముప్పై మంది చూస్తుండగా అతను తడి ఇసుకలో నడిచి వెళ్ళాడు. "బావా, వాడికి వెనకా ముందూ కథేం లేదు. ప్రాణభయం. చూపు పక్కకి తిప్పేసి, తెడ్డు విసిరేసి పరుగెత్తాలి."

బావ తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత చేతులు కట్టుకుని, ఒక నటుడు రచయితతో మాట్లాడే మర్యాదతో అన్నాడు:

"అలాగేనండీ. ఎంత భయపడమంటారో చెప్పండి."

రెండోసారికే ఓకే అయింది. బావ చూపు తిప్పాడు, విసిరాడు, పరుగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి ఇసుకలో తూలి పడబోతే లైట్లవాళ్ళు నవ్వారు. డైరెక్టరు ఆ తూలడం కూడా బాగుందన్నాడు.

సినిమా ఆడింది. పడవవాడు తెర మీదికి రాగానే జనం ఈలలు వేసి బూతులు తిట్టారు. డిపోలో దుంగలెత్తేవాళ్ళు బావ కనిపిస్తే చాలు, "రాను బాబూ" అని పరుగెత్తి చూపించేవారు. బావ వాళ్ళతో పాటు నవ్వేవాడు. ఆ తర్వాత ఆదివారాలు నాటకాలకి వెళ్ళడం మానేశాడు.

అతనితో మాత్రం చాలా మర్యాదగా ఉండేవాడు. "మీరు భోంచేశారా? మీకు నీళ్ళు కాగాయి." అక్క ఏడ్చింది, అరిచింది, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. బావ కోపంగా లేడు. కోపముంటే పోట్లాడవచ్చు. మర్యాదతో ఎవరు పోట్లాడగలరు? మూడో నెలలో అతను రేకుల గది ఖాళీ చేసి, టైర్ల దుకాణం వెనక సందులో వేరే గది తీసుకున్నాడు. వద్దని బావ అనలేదు. సామాను బండికెత్తి, తాడు గట్టిగా బిగించి ఇచ్చాడు.

నెలకోసారి వెళ్ళేవాడతను. తలుపు తీసేది బావే.

"రండి రండి" అనేవాడు. లోపలికి తిరిగి, "ఏమే, మీ తమ్ముడుగారొచ్చారు. టీ పెట్టు" అని కేకేసేవాడు. గొంతు అలాగే ఉంది, చెట్టు కూలినట్టు. కుర్చీ దుమ్ము తుడిచి ముందుకు జరిపేవాడు. పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అతను కుర్చీ అంచున కూర్చుని, వేడి వేడి టీ గబగబా తాగి, నాలుక కాల్చుకుని లేచేవాడు.

"పనుంది బావా, వస్తాను."

"మంచిదండీ" అని బావ గుమ్మం దాకా వచ్చేవాడు. గుమ్మం దాటి మాత్రం వచ్చేవాడు కాదు.