డబ్బింగుకు మూడు వారాలు

పెళ్లి వీడియోలు తీసి బతికే అతను, నిర్మాతల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి తన కథను తనే సినిమాగా తీయడం మొదలుపెట్టాడు. లెక్కల టీచరైన అక్కే అందులో ప్రధాన పాత్ర. సెలవురోజుల్లో ఆవిడ వంటిల్లే సెట్టు. "లెక్కలు చెప్పినట్టు కాదక్కా, అలిగినట్టు చెప్పు," అని అతను కసిరితే ఆవిడ పడీపడీ నవ్వేది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఇక డబ్బింగు ఒక్కటే మిగిలిందనగా అక్క గొంతులో క్యాన్సర్ బయటపడింది. వెంటనే ఆపరేషన్ చేయాలనీ, ఆ తర్వాత మాట రాదనీ డాక్టరు చెప్పాడు.

"మూడు వారాలు ఆగుదాంరా. నా గొంతు నీ సినిమాలో ఉండిపోవాలి," అంది అక్క.

వద్దనాల్సినవాడు తలూపాడు. "ఆపరేషన్‌కి తేదీ దొరకలేదని బావకి చెబుదాం," అన్నది కూడా అతనే.

గోడలకు దుప్పట్లు కట్టిన గదిలో, ఆవిడ దగ్గు ఆపుకుంటూ ప్రతి మాటా పలికింది. ఒక సీనులో నవ్వు కుదరలేదని అతను పదకొండుసార్లు నవ్వించాడు.

ఆపరేషన్ నాటికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఐదు నెలలకు అక్క పోయింది.

ఒక చిన్న ఫిల్మ్ ఫెస్టివల్లో సినిమా వేశారు. సగానికి పైగా ఖాళీ కుర్చీలే. అయిపోయాక బావ అతని రెండు చేతులూ పట్టుకుని, "దాని గొంతు మళ్ళీ వినిపించావురా, నీ మేలు మర్చిపోలేను," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అతనికి ఆ మాట మింగుడుపడలేదు.

"ఆపరేషన్‌కి తేదీ వెంటనే దొరికింది బావా. డబ్బింగు కోసం మేమే ఆగాం."

బావ చేతులు వదిలేశాడు. బయటికి నడిచాడు. ఆ ఇంటి తలుపు అతనికి మళ్ళీ తెరుచుకోలేదు.